మా బావ రాసిన దెయ్యం లేని నవల

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. తీరిక దొరికినప్పుడు జనాన్ని భయపెడతాడు.

రెండు పనులూ ఒకే చోట జరుగుతాయి. ఎత్తయిన మేడల పైకప్పు మీద మెషీన్ రూమ్ అని ఒక ఇరుకు గది ఉంటుంది. అందులో మోటారు, పెద్ద చక్రం, చక్రం మీంచి కిందికి దిగే ఇనుప తాళ్లు, గ్రీజు వాసన. మరమ్మతు అయ్యాక లిఫ్టును కాసేపు ఖాళీగా నడిపి చూడాలి. ఆ కాసేపట్లో బావ బోర్లించిన డబ్బా మీద కూర్చుని దెయ్యాల నవల రాసుకుంటాడు. ఎవరూ లేని పెట్టె ప్రతి అంతస్తులో ఆగి, ఎవరికోసమో తలుపు తెరిచి, కాసేపు చూసి మూసుకుంటూ ఉంటే దెయ్యాలు తప్ప ఇంకేం తోస్తాయి అంటాడు.

కంపెనీలో ఆయన్ని దెయ్యాల మేస్త్రి అంటారు. పుస్తకాలు బాగానే పోతాయి. మా వీధి సెలూన్ ఆయన ఒకసారి బావ గడ్డం సగం గీసి, కత్తి పైకెత్తి పట్టుకుని, "మేస్త్రీ, ఆ మేడమీద అద్దెకున్నావిడ బతికున్నట్టా, పోయినట్టా? అది చెప్తేనే రెండో చెంప" అన్నాడు. బావ సబ్బు నురగలోంచి నవ్వి, సగం గడ్డంతోనే లేవబోయాడు. చివరిదాకా చెప్పకపోవడం ఆయన వ్యాపారం. దాని దగ్గర మొహమాటం లేదు.

ఆయన పుస్తకాల్లో ఒక్క పేజీ కూడా చదవని మనిషి ఊళ్లో ఒకరున్నారు. మా అక్క.

అక్క పిరికిది కాదు. ఇంటి యజమానితో వాటా ముందు నిలబడి వాదించి, గోడకు సున్నం వేయించుకున్న మనిషి. కానీ ఏం జరగబోతోందో తెలియకుండా కూర్చోవడం ఆమె వల్ల కాదు. సినిమాకు వెళ్తే టికెట్టు చింపే మనిషిని "చివరికి అందరూ బాగుంటారా?" అని అడిగి లోపలికి అడుగుపెడుతుంది. కానుక తెచ్చిస్తే, అదేమిటో చెప్పాకే పొట్లం విప్పుతుంది.

ఆమె కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. కొత్త అద్దాలు పెట్టుకున్నవాళ్లకు దగ్గరి చూపు ఎలా ఉందో చూడటానికి చేతికి ఏదో ఒక పుస్తకం ఇచ్చి చదవమంటారు. దుకాణం యజమాని బావకు అభిమాని. కనుక అక్కడ ఉండేది బావ నవలే. వచ్చినవాళ్లు ఒక పేజీతో ఊరుకోరు, వేలు తడి చేసుకుని రెండో పేజీ తిప్పుతారు.

"అక్షరాలు కనిపిస్తున్నాయా లేదా, అంతవరకే చెప్పండి" అని అక్క పుస్తకం లాక్కుంటుంది. అట్ట మీది బొమ్మ కిందికి వచ్చేట్టు బోర్లించి, లెన్సులు తుడిచే గుడ్డ దాని మీద కప్పుతుంది.

వాళ్ల పెళ్లి కూడా లిఫ్టు పుణ్యమే. అప్పుడు అక్క ఇంకో దుకాణంలో పనిచేసేది, పై అంతస్తులో. ఒకరోజు లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఆమె ఒక్కతే. బావ, ఆయన జతగాడు వచ్చారు.

ఇరుక్కున్న మనిషిని దించడానికి వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. పైన ఒకరు మోటారు బ్రేకు వదిలి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతారు. రెండోవాడు తలుపు దగ్గర నిలబడి లోపలివాళ్లతో మాట్లాడుతూనే ఉండాలి. జరగబోయేది ప్రతిదీ జరక్కముందే చెప్పాలి. చెప్పకుండా కుదిపితే లోపలివాళ్లకు ప్రాణం పోయినంత పనవుతుంది. ఆ రోజు తలుపు దగ్గర నిలబడింది బావ.

"ఇప్పుడు చిన్న కుదుపు వస్తుందండీ. తర్వాత పెట్టె కిందికి జారుతుంది. అది మేం జారుస్తున్నదే. తర్వాత ఆగుతుంది. నేను బయట తాళం తిప్పి తలుపు తీస్తాను. ఎదురుగా నీలం చొక్కా కనిపిస్తుంది. అది నేనే."

అన్నీ ఆ వరసలోనే జరిగాయి. తలుపు తెరుచుకుంది, ఎదురుగా నీలం చొక్కా ఉంది. అక్క దాన్నే పెళ్లి చేసుకుంది. "అంత వివరంగా ముందే చెప్పిన మనిషి, దెయ్యాలు రాస్తానని మాత్రం చెప్పలేదు" అని ఇప్పటికీ దెప్పుతుంది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర బావ గొంతు సవరించుకున్నాడు.

"ఈసారి రాసినదాంట్లో దెయ్యం లేదు."

"పాపం, చచ్చిపోయిందా?" అన్నాను.

"ప్రేమకథే మరదలా. లిఫ్టులో ఇరుక్కున్న అమ్మాయి, దించిన అబ్బాయి."

అక్క చేతిలో గరిటె ఆగింది. "మన కథా?"

"కథన్నాక కథే. కొంచెం మనది."

"చివరికి ఏమవుతుంది?"

"అదెలా చెప్తానే? చదువు."

"అయితే నాకొద్దు. మీ చేతిలో పడ్డ ఆడమనిషిని ఏ అంతస్తులో చంపుతారో ఎవరికి తెలుసు?"

"చంపలేదే తల్లీ! నువ్వు చదవాలనే రాశాను."

"అచ్చవనివ్వండి, చూస్తాను. అచ్చయితే నాకంటే ముందు ఎవరో ఒకరు చదివుంటారుగా. వాళ్లనడిగి మొదలుపెడతా."

"టైపు చేసేది నేనే కదా, నన్నడుగు" అన్నాను. బావ పుస్తకాలన్నీ టైపు చేసి పెట్టేది నేనే.

"నువ్వు మీ బావ పార్టీవి. నీ సాక్ష్యం చెల్లదు."

బావ నవ్వాడు గాని, చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది. ఊరంతా చదివే పుస్తకాలు ఎన్నో రాశాడు. ఇది ఒక్క మనిషి కోసం రాసింది. ఆ మనిషి చదవాలంటే అచ్చు కావాలి. అచ్చు కావాలంటే ఏజెంటు కావాలి.

మా దగ్గర ప్రచురణకర్తలు రచయితలతో నేరుగా మాట్లాడరు. మధ్యలో ఏజెంటు ఉంటాడు. పెళ్లిళ్ల పేరయ్య లాంటివాడు, రాతప్రతికి సంబంధాలు చూస్తాడు. ఒక్కొక్కరు ఒక్కో రకం పుస్తకాలే తీసుకుంటారు. బావ పాత ఏజెంటుది దెయ్యాలు, హత్యల శాఖ. ఆయన గదిలో కిటికీలకు ఎప్పుడూ తెరలు దించి ఉంటాయి. కలాలు ప్లాస్టిక్ పుర్రె కళ్లలో గుచ్చి ఉంటాయి. రాతప్రతి మోయడానికి నేనూ వెళ్లాను.

"ప్రేమా?" అన్నాడాయన. "నీకిప్పుడేం తక్కువైందయ్యా?"

"ఏం తక్కువ కాలేదండీ. రాయాలనిపించింది."

"అమ్మాయి ఎన్నో పేజీలో పోతుంది?"

"పోదు."

"అబ్బాయి?"

"ఎవరూ పోరండీ."

"పోనీ, లిఫ్టైనా తెగి పడుతుందా?"

బావకు రోషం వచ్చింది. "లిఫ్టులు అలా పడవండీ. తాళ్లు తెగినా పట్టుకోవడానికి వేరే బ్రేకులుంటాయి."

ఏజెంటు రాతప్రతిని రెండు చేతులా ఎత్తి, బరువు చూసి, తెచ్చి నా ఒడిలో పెట్టాడు.

"నేను చేపలమ్మేవాణ్ణి. నువ్వు పూలు తెచ్చావు. మంచి పూలే. నా తట్టలో పెడితే ఎవరు కొంటారు చెప్పు? వేరే చోట చూసుకో. దెయ్యం వచ్చినప్పుడు మాత్రం నా దగ్గరికే రా."

ప్రేమకథలు తీసుకునే ఏజెంట్ల చిరునామాలు వెతికాం. వాళ్లకు కథ సారాంశం, మొదటి అధ్యాయాలు, రచయిత గురించి ఒక పేజీ పంపాలి. రచయిత గురించిన పేజీలో బావ తన దెయ్యాల పుస్తకాలన్నీ వరసపెట్టి రాసుకున్నాడు. పెళ్లిచూపుల్లో పాత గొడవలు ఏకరువు పెట్టినట్టుంది బావా అంటే, ఉన్నమాట దాచకూడదన్నాడు.

మొదటి జవాబు మర్యాదగా వచ్చింది. భాష చక్కగా ఉందట. మూడో అధ్యాయం చివర ఆ అమ్మాయి ఎప్పుడో చనిపోయిందని తమకు అర్థమైందట. ఆ మలుపు తమ పాఠకులకు నప్పదట.

"చనిపోవడమేంటి?" బావ ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. "నాలుగో అధ్యాయంలో టీ తాగుతుందిగా!"

"మీ దెయ్యాలు టీ తాగవా?" అక్క వంటింట్లోంచి అడిగింది.

"తాగవు."

"పాపం, ఎందుకని?"

"తాగితే ఎవరికీ భయం వెయ్యదు."

"అయితే నన్ను దెయ్యం చేసి టీ కూడా ఇచ్చారన్నమాట. పోన్లెండి, అదైనా చేశారు."

రెండో ఆవిడ ఫోన్ చేసింది. చిన్న వయసు గొంతు. పట్టపగలు చదువుతూ గది తలుపు గడియ పెట్టుకున్నానని చెప్పింది. "చాలా మంచి భయమండీ. కానీ మేం ప్రేమకథలే చూస్తాం." మూడో ఆయన, దెయ్యం ఎవరో తేల్చకుండా వదిలెయ్యడం సాహసమే అని మెచ్చుకుని, తిప్పి పంపాడు.

అప్పుడు కూర్చుని అధ్యాయాల చివరి వాక్యాలు మాత్రం బయటికి చదివాను. టైపు చేసేటప్పుడు వేళ్లు చూసుకుంటాం గాని, చెవి పెట్టం.

"'లోపలి నుంచి ఎవరో తట్టారు.' ఇది ఒకటో అధ్యాయం. 'ఆమె మెట్ల మీద ఆగి, నెమ్మదిగా వెనక్కి తిరిగింది.' ఇది రెండు. 'ఆ గదిలో తను ఒక్కడే లేడని అతనికి అప్పుడు తెలిసింది.' బావా, ఇదేంటి?"

"అందులో భయపడ్డానికేముంది? వాళ్లమ్మ వచ్చి వెనక నిలబడింది. తర్వాతి పేజీలో చెప్పాను."

"వెనక్కెందుకు తిరిగింది?"

"గొడుగు మరచిపోయింది."

"అదే రాసి ఊరుకోవచ్చుగా!"

"రాస్తే అధ్యాయం అక్కడెలా ఆగుతుంది?" అన్నాడు, పిల్లలకు చెప్పినట్టు ఓపిగ్గా.

బావ ఏ అధ్యాయానికైనా చివరి వాక్యం ముందు రాసుకుంటాడు. అక్కడి నుంచి వెనక్కి నడుస్తాడు. ఎన్నేళ్లుగానో చేయి అలా తిరిగిపోయింది. ముద్దు రాయబోయినా వేళ్లకు అలవాటైన తలుపు చప్పుడే వస్తోంది. ఆ సంగతి ఆయనకు ఎంత చెప్పినా ఎక్కలేదు. తప్పు తన పేరుదే అని తేల్చేసుకున్నాడు.

"నా పేరు చూసి దెయ్యం కోసం వెతుకుతున్నారు. నా పేరు వినని ఏజెంటు కావాలి" అన్నాడు.

వెతికి వెతికి ఒకావిణ్ణి పట్టుకున్నాడు. ఆవిడ తీసుకునేవి కుట్టు, అల్లిక, తోట పని, ఇంటి మరమ్మతుల పుస్తకాలు. నవలలు పంపవద్దని పెద్ద అక్షరాల్లో ఉంది.

"పంపవద్దనే రాసింది బావా."

"అందుకే పంపుతున్నా. నవలలు ముట్టదంటే దెయ్యాలు అసలే తెలియవు."

"నాది కాని వీధిలో మీరు తీసుకోని సరుకు అమ్ముతున్నాను, మన్నించండి" అన్న అర్థం వచ్చేలా నేనే ఒక ఉత్తరం రాసిచ్చాను. ఈసారి రచయిత గురించిన పేజీలో 'లిఫ్టు మెకానిక్' అని మాత్రమే ఉంది.

కొన్నాళ్లకు ఆవిడ ఫోన్ చేసింది. "చదివాను. వచ్చి కనబడండి. మీ పనిముట్లు తెచ్చుకోండి."

దారి పొడవునా బావకు అదే ఆలోచన. "పనిముట్లంటే? కలాలా?"

"దిద్దుబాట్లు గట్టిగా ఉన్నట్టున్నాయి. సుత్తే అయ్యుంటుంది" అన్నాను.

నిజంగా అలాంటి పనిముట్లే. ఆవిడ ఆఫీసు పై అంతస్తులో ఉంది. లిఫ్టు కింద ఆగిపోయి, తలుపు సగం మూసుకుని మళ్లీ తెరుచుకుంటూ ఉంది. తెల్లజుట్టావిడ ఒకరు మెట్ల మీద కూర్చుని స్వెటర్ అల్లుకుంటున్నారు.

"మేస్త్రిగారు మీరేనా? వారం నుంచి ఇంతే. నా మోకాళ్లు ఇక ఎక్కనంటున్నాయి. ముందు లిఫ్టు, తర్వాత నవల."

బావ ముఖం చూడాల్సింది. అయినా వంగి తలుపు గాడిలో టార్చి వేశాడు. చొక్కా గుండీ ఒకటి అడ్డం పడి ఉంది. దాన్ని స్క్రూడ్రైవరుతో పెకలించి, గాడి తుడిచి, మోటారు చూసొచ్చి, ఆవిణ్ణి లోపలికి పిలిచాడు.

"ఎక్కండి. మొదట చిన్న కుదుపు ఉంటుందండీ. మధ్యలో గరగరమంటుంది, పట్టాలకు నూనె లేక. దానికేం భయం లేదు. పైన ఆగాక తలుపు కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది. కంగారు పడకండి."

కుదిపింది. గరగరమంది. ఆగింది. తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. ఆవిడ అల్లిక ఆపకుండా బావ వైపు తలెత్తి చూసింది.

"మీ కథలో అబ్బాయి ఇలాగే మాట్లాడతాడు."

"అవునండీ. అది మా పద్ధతి."

"మరి కథ రాసినాయన మాట్లాడడేం?"

బావకు అర్థం కాలేదు. ఆవిడ గదిలో కుర్చీల మీద సగం కుట్టిన దిండు గలీబులు, బల్ల మీద విప్పిన కొళాయి, కిటికీ నిండా మొక్కల తొట్లు ఉన్నాయి. కొళాయి పక్కకు జరిపి రాతప్రతి ముందు పెట్టుకుంది.

"నా దగ్గరకొచ్చే ఏ పుస్తకమైనా తీయండి. అల్లిక పుస్తకంలో మొదటి పేజీలోనే అల్లడం పూర్తయిన స్వెటర్ బొమ్మ ఉంటుంది. ఏం తయారవుతుందో తెలిసే మొదలుపెడతారు. ఎలా తయారవుతుందో చూడ్డానికి చివరిదాకా వస్తారు. మీ అబ్బాయి ఆ అమ్మాయికి అన్నీ ముందే చెప్పి జాగ్రత్తగా దించాడు. మీరేమో నన్ను పెట్టెలో పెట్టి, నోరు మూసుకుని కుదిపారు. అధ్యాయానికో కుదుపు!"

"చెప్పేస్తే చివరిదాకా ఎవరు చదువుతారండీ?"

"ఇప్పుడు లిఫ్టులో అన్నీ చెప్పేశారుగా. నేను మధ్యలో దిగిపోయానా?"

బావ బల్ల మీది కొళాయి చేతిలోకి తీసుకుని దాని మర తిప్పసాగాడు.

"నేను నవలలు తీసుకోను. అది ముందే చెప్తున్నా. మార్చి పంపితే చదువుతా. నచ్చితే ఎవరికి చూపించాలో ఆలోచిస్తా. నచ్చకపోతే లిఫ్టు బాగుచేసినందుకు ఒక మేజోళ్ల జత అల్లి ఇస్తా" అందావిడ.

బయటికొచ్చాక బావ వీధి మలుపులో ఆగి, "దెయ్యాలు రాసేవాడు మొదటి వాక్యంలో చివర చెప్పడమంటే..." అన్నాడు.

ఇంటికొచ్చాక, పన్ను పీకించుకుంటున్నవాడిలా దవడ పట్టుకుని నాకు కొత్త మొదటి వాక్యం చెప్పాడు. 'ఈ కథలో అమ్మాయీ అబ్బాయీ ఇద్దరూ బతికే ఉంటారు, పెళ్లి చేసుకుంటారు, కొళాయి ఎవరు కట్టెయ్యాలన్న దాని మీద ఇప్పటికీ పోట్లాడుకుంటారు.' ఆ తర్వాత తలుపు చప్పుళ్లు ఒక్కొక్కటీ పోయాయి. ఏ అధ్యాయంలో ఏం జరుగుతుందో దాని మొదట్లోనే ఉంది. 'ఈ అధ్యాయంలో ఆమె గొడుగు కోసం వెనక్కి వస్తుంది' అని రాయించేటప్పుడు మాత్రం, "ఒక్కటి ఉంచుకుంటానే, ఒక్కటే" అని బతిమాలాడు. ఉంచనివ్వలేదు.

ఒక ప్రతి ఆవిడకు పంపాం. రెండోది భోజనాల బల్ల మీదే ఉండిపోయింది. బావ కావాలనే మరచిపోయాడో, నిజంగానే మరచిపోయాడో చెప్పలేను.

సెలవు రోజు ఉదయం అక్క బల్ల తుడవడానికి దాన్ని ఎత్తింది. ఎత్తి, చేతిలో గుడ్డతోనే నిలబడిపోయింది.

"కట్టెయ్యనిది మీరే" అంది.

బావ తాగుతున్న నీళ్లు పొలమారాయి. "ఏంటి?"

"కొళాయి. ఎవరు కట్టెయ్యాలన్నది కాదు గొడవ. కట్టెయ్యనిది మీరు. అది రాయలేదేం?" గుడ్డ భుజం మీద వేసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇద్దరూ బతికే ఉంటారు కదా? మాట మీద ఉంటారుగా?"

"ఉంటానే."

పేజీ తిప్పింది. వేలు తడి చేసుకుని ఇంకొకటి తిప్పింది.

బావ లేచి స్క్రూడ్రైవరు తెచ్చుకుని ఆ గది తలుపు బందుల మీద పడ్డాడు. బందులకు ఏ రోగమూ లేదు. ఒక మర విప్పి, చూసి, మళ్లీ బిగించాడు. లోపల కాగితం తిరిగిన చప్పుడైనప్పుడల్లా చేయి ఆగేది. ఎన్ని వేలమందిని భయపెట్టిన మనిషో, గుమ్మం పక్కన అలా నక్కి ఉన్నాడు.

ఫోన్ మోగింది. నేనే తీశాను. తెల్లజుట్టావిడ. రాతప్రతి తనకు నచ్చిందనీ, ఇంటి పనుల పుస్తకాలు వేసే ప్రచురణకర్త ఒకాయన దాన్ని తన ఇంటికి పట్టుకెళ్లి, భార్యకు చదివి వినిపించి, వేద్దామంటున్నాడనీ చెప్పింది. "ఆయన దగ్గర నవలల వరస లేదు. ఇంటి మరమ్మతుల వరసలో వేస్తారట. మేస్త్రిగారికి అభ్యంతరమా?"

ఫోన్ మూసి బావకు చెప్పాను. ఆయన తలుపు మీంచి చూపు తిప్పలేదు.

"తర్వాత మాట్లాడతానని చెప్పు."

"బావా, అచ్చవుతుందట!"

"విన్నా. మెల్లగా మాట్లాడు. మీ అక్క చదువుతోంది."

లోపల అక్క పెద్దగా నవ్వింది. తర్వాత వరసగా కాగితాలు తిరిగిన చప్పుడే. "నేనేం ఏడవలేదు" అని మాత్రం ఒకసారి వినిపించింది. అది పుస్తకంలో అమ్మాయి గురించా, ఇప్పటి సంగతా తెలియలేదు. బావ చేతిలోంచి మర జారి గుమ్మం మీద టకటకమని దొర్లింది.

"ఎందుకలా తడతారు? తలుపు తీసే ఉంది" అంది అక్క.

బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో స్క్రూడ్రైవరు, మోచేతి దాకా మడిచిన చొక్కా. అక్క ముందు బోర్లించిన కాగితాల దొంతర ఎత్తుగా ఉంది. ఇటువైపు పల్చగా కొన్నే మిగిలాయి.

"ఎలా ఉంది?"

అక్క తలెత్తలేదు.

"బాగుందా, లేదా? అది చెప్పెయ్యవే, ముందు."

"ముందే ఎలా చెప్తానండీ?" అంది అక్క, వేలు తడి చేసుకుంటూ. "ఇంకో అధ్యాయం ఉంది. కూర్చోండి."